మోసుకొచ్చిన మాట

పులికాటు సరస్సులో పడవకన్నా పొడవైన చేప ఒకటి ఉండేదని నమ్మేవాళ్ళు ఈ కథని తీరిగ్గా కూర్చుని వినొచ్చు. నమ్మనివాళ్ళు నిలబడే వినండి. కాళ్ళు నొప్పి పుట్టేవేళకి మీరూ కూర్చుంటారు.

ఆ చేపని చూసినవాడు పెంచలయ్య ఒక్కడే. వల వేస్తే చేప వలని లాక్కుపోయిందట, వలతోపాటు పడవని, పడవతోపాటు పెంచలయ్యని. తల తడ రేవులో ఉంటే తోక సూళ్ళూరుపేట దగ్గర నీళ్ళు చిమ్ముతూ ఉందట. "ఇంటికాడ పెళ్ళాంబిడ్డా ఉండారు, వదిలిపెట్టు తల్లీ" అని ఇతను బతిమాలితే ఆ చేప సిగ్గుపడి ఎర్రబడిందట. ఆ నీళ్ళు తాగిన కొంగలు ఈనాటికీ గులాబీ రంగులో తిరుగుతున్నాయంటే కారణం అదేనట.

ఈ సంగతి అతను బామ్మర్ది పెళ్ళిలో, విస్తళ్ళ ముందు చెప్పాడు. బామ్మర్ది నవ్వాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. పెంచలయ్యకి రోషం వచ్చి, పప్పు వడ్డిస్తున్న భార్య వైపు తిరిగాడు.

"నువ్వు జెప్పమ్మే రమణమ్మా. నేను అబద్ధం ఆడే మనిషినా?"

పెళ్ళికొడుకు తమ్ముడు, అడిగినవాడు మొగుడు. రమణమ్మ గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. "ఆ ఒక్కటీ తప్ప ఏమీ ఆడవు" అంది. ఈసారి వంటవాళ్ళు కూడా నవ్వారు.

"అట్నా? అయితే ఇంక నాతో మాట్లాడబాక!"

"మాట్లాడితే ఒట్టు!" అంది రమణమ్మ. అని ఊరుకోక, కొంగు పట్టుకుని వేళ్ళాడుతున్న కొడుకు తల మీద చెయ్యి పెట్టింది.

దేవుడి మీద ఒట్టయితే కొబ్బరికాయ కొట్టి బతిమాలుకోవచ్చు. బిడ్డ తల మీద ఒట్టు తప్పితే బిడ్డ తలకే ముప్పు. ఆ మాట అన్న మరుక్షణం ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది, కానీ అప్పటికే అనేసింది. ఒట్టు తీసి గట్టున పెట్టెయ్యమని ఇరుగుపొరుగు ఎన్నో విధాల చెప్పి చూశారు. "ఏ గట్టున పెట్టినా రేపు నా బిడ్డ నడవాల్సింది ఆ గట్టుమీదనే గదా" అంది రమణమ్మ. పెంచలయ్య కూడా, ఊళ్ళో అందరినీ ఆట పట్టించేవాడు, ఆ ఒక్క విషయంలో నోరు మెదపలేదు.

అలా ఆ కొడుకు, చెంచురామయ్య, పలక పట్టకముందే దుభాషి అయ్యాడు. ఒకే ఇంట్లో, ఒకే భాషకి.

ఆ ఇంటి పద్ధతి ఇది. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. ఒకరన్నది ఇంకొకరికి శుభ్రంగా వినబడుతుంది. అయినా చెంచు మోసుకొచ్చేదాకా అది మాట కాదు, గాలి. వాడు మోసుకొచ్చిందే లెక్క.

"మీ నాయనకి జెప్పు, ఆ ఎండలో తిరిగి యాడన్నా పడితే ఎత్తకొచ్చేదానికి ఈడ ఎవురూ ఖాళీగా లేరని."

చెంచు రెండడుగులు వేసేవాడు. "నాయనా, మజ్జిగ కలిపి పెట్టుండాదంట. చల్లబడినాక పొమ్మంటంది."

పెంచలయ్య గ్లాసెత్తి వెలుతురుకి పట్టి చూసేవాడు. "మీ అమ్మకి జెప్పు, ఈ మజ్జిగలో నా పడవ తేల్తాదని."

"చల్లగా ఉందంటమా. ఇంకో గ్లాసు పొయ్యమన్నాడు."

రమణమ్మ పోసేది. పెంచలయ్య తాగేవాడు. ఆవిడ పొయ్యి వైపు తిరిగీ ఇతను గోడ వైపు తిరిగీ నవ్వుకునేవాళ్ళు. ఏళ్ళు గడిచినకొద్దీ వాళ్ళకి ఈ వరస అలవాటైపోవడమే కాదు, రుచి కూడా పట్టింది. ఎంత ఘాటుగా తిడితే కొడుకు దాన్ని ఎంత తియ్యగా మార్చి తెస్తాడో చూద్దామన్నట్టు తిట్టుకునేవాళ్ళు. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకి చెంచు, "ఇద్దరికే నోరు చాలడంలేదు, మూడోమనిషిని తెచ్చుకుంటే నేను మూగోడినైపోతా" అని తప్పించుకునేవాడు.

సరస్సులో చేప తగ్గి, పడవ అమ్ముకుని, ముగ్గురూ తడకి వచ్చేశారు. అక్కడ కంపెనీలు లేచాయి. కార్లకి రేకు భాగాలు ఒత్తే ఒక జపాన్ కంపెనీలో చెంచురామయ్య దుభాషిగా చేరాడు. మద్రాసులో తరగతులకి పోయి నేర్చుకున్న జపాన్ భాష అది, ఇస్త్రీ చేసిన చొక్కాలాంటిది. దాన్ని తొడుక్కుని మీటింగుల్లో అతను దర్జాగానే నిలబడేవాడు. చిక్కంతా మిషన్ల దగ్గర. అక్కడ ఫోర్‌మన్ తకెబె మాట్లాడే భాష ఇంట్లో కట్టుకునే లుంగీ. ఎవరు చేశారో ఉండదు, దేన్ని చేశారో ఉండదు. చివరికి ఏం చేశారో చెప్పేలోగా టీ వస్తుంది. ఉన్న కాస్త వాక్యానికీ చివర ఒక తోక. ఆ తోక ఊపడంలోనే సంగతంతా ఉంటుంది.

చేరిన కొత్తలో తకెబెని రేపు మా ఇంటికి భోజనానికి రమ్మన్నాడు. తకెబె తల గోక్కుని, "రేపు కొంచెం..." అని ఊరుకున్నాడు. "కొంచెమే తింటాడంటమా" అని చెంచు ఇంట్లో చెప్పాడు. రమణమ్మ కొంచెమే వండి, చాలా సేపు కాచుకుని కూర్చుంది. కొంచెం అంటే రాలేననట. పెంచలయ్య ఆ కథని వీధి వీధికీ మోసి, చివరికి ఆ జపానాయన కోసం వండింది ఒక్క మెతుకనీ, దాన్ని గోటితో చిదిమి చూసిందనీ చేశాడు.

అది నవ్వుకునే తప్పు. రెండోది అలాంటిది కాదు. ఒకరోజు ప్రెస్సు మిషను మొరాయించింది. తకెబె దాని చుట్టూ తిరిగి, మెడ రుద్దుకుని, "ఉగోకు కెదో..." అన్నాడు. నడుస్తుంది గానీ, అని. మిగతాది టీ కప్పులోకి గొణిగాడు. చెంచు తల ఊపి, "నడుస్తుందంట మస్తాన్" అని మిషను మీద పనిచేసే కుర్రాడికి కేకేశాడు. మస్తాన్ మిషను నడిపాడు. అతని ఎడమచేతి వేళ్ళు రేకు కింద ఉండిపోయాయి.

ఇంట్లో అమ్మ "బాగానే ఉండాది గానీ" అంటే చాలు, చెంచు సైకిలు తీసి డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాడు. ఆ "గానీ" వెనక ఎంత చీకటి ఉంటుందో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. అదే మాట జపాన్ నోట వస్తే అతని చెవి భయపడలేదు. అర్థం తెలుసు, భయం తెలియదు. ఆస్పత్రిలో మస్తాన్ పక్కన కూర్చుని అతను దీన్నే తలుచుకుని తలుచుకుని కుమిలాడు.

అందుకే కురహషి అనే జపాన్ శాస్త్రవేత్త ఆ పక్కనే ప్రయోగశాల తెరిచి, జపాన్ మాట వినడానికి జపాన్ చెవి అరువు ఇస్తామంటే ముందు వెళ్ళింది అతనే.

కురహషి సన్నగా, తల నెరిసిన ఆడమనిషి. ఆవిడ ముందు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఒక జపాన్ వీడియో టేపు వేసింది. అరుగు మీద ఇద్దరు ముసలమ్మలు బఠాణీలు ఒలుచుకుంటూ మాట్లాడుకుంటున్నారు. "పరవాలేదు, పరవాలేదు" అంటోంది ఒకావిడ.

"ఏమంటోంది?"

"పరవాలేదంటోంది" అన్నాడు చెంచు.

వారం తర్వాత అతని చెవి వెనక చర్మం కింద బఠాణీ గింజంత పూస ఉంది. మళ్ళీ అదే కుర్చీ, అదే టేపు. "పరవాలేదు" అన్న మాట వినబడగానే చెంచురామయ్యకి తెలిసిపోయింది. ఆవిడ, పక్కన కూర్చున్న చెల్లెల్ని ఈ జన్మకి క్షమించదు. చెల్లెలికీ ఆ సంగతి తెలుసు. అందుకే బఠాణీలు అంత జాగ్రత్తగా ఒలుస్తోంది. తనకి తెలియకుండానే అతను చొక్కా చేతిని నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

కురహషి రాసుకుంటున్న కలం ఆపి, అతని చేతినే చూస్తూ ఉండిపోయింది.

"సగం మాట వింటే మిగతా సగాన్ని మనిషి తల వండుకుంటుంది" అంది ఆవిడ తర్వాత. "ఆ వంట ఏ పుస్తకం చదివినా రాదు. చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో కూర్చుని నేర్చుకోవలసిందే. అందుకని ఒక అమ్మ చెవినే అచ్చు తీశాం."

"ఎవరమ్మ?"

"మా అమ్మ. ఫుమి. పోయి కొన్నాళ్ళయింది."

ఫుమి చెవి వచ్చాక కంపెనీలో చెంచురామయ్య పేరు మోగిపోయింది. తకెబె పళ్ళ సందున గాలి పీలిస్తే చాలు, ఇతను మిషను ఆపించేవాడు. విప్పి చూస్తే లోపల బోల్టు విరిగి ఉండేది. తకెబె తుమ్మితే చెంచు నాలుగు వాక్యాలు చెబుతాడని క్యాంటీన్లో పాట కట్టారు. తకెబె కూడా, ఎవరితోనూ కలవని మనిషి, సాయంత్రాలు అతని పక్కన వచ్చి కూర్చోసాగాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. "మా ఊళ్ళో ఇప్పుడు మంచు..." అని ఆగేవాడు. చెంచుకి ఆ మంచూ, ఆ ఊరూ, అక్కడ తకెబెతో మాట్లాడడం మానేసిన కొడుకూ కనబడేవాళ్ళు. "ఊఁ" అనేవాడు. అంతకన్నా పెద్ద ఓదార్పు తకెబెకి ఎవరూ ఇచ్చి ఉండరు.

మొదటి తేడా చూసింది మస్తాన్. చెయ్యి మానాక స్టోర్సులో తేలికపాటి పనికి వచ్చాడు. చెంచుని చూసి, ఉన్న వేళ్ళు ఆడిస్తూ పళ్ళికిలించాడు.

"నీ పుణ్యమా అని గోళ్ళు కత్తిరించుకునే పని సగం తగ్గిందిలే చెంచన్నా!"

"మంచిది మస్తాన్. సంతోషం" అన్నాడు చెంచురామయ్య, చాలా మర్యాదగా.

మస్తాన్ ముఖంలో నవ్వు అలాగే ఉండి, కాసేపటికి చల్లారిపోయింది. అతను విసిరింది మన్నింపు. పట్టుకునేవాడు పట్టుకోలేదు. చెంచురామయ్యకి మాత్రం ఏదీ తప్పినట్టు తోచలేదు. మస్తాన్ గోళ్ళ సంగతి చెప్పాడు, తను సంతోషించాడు.

ఇంట్లోనూ అంతే. మజ్జిగలో పడవ తేలుతుందన్న మాటని ఒకరోజు ఉన్నదున్నట్టు మోసుకుపోయాడు. రమణమ్మ ఉలిక్కిపడింది. కొడుకు కొత్త ఆట మొదలుపెట్టాడనుకుని పెంచలయ్య పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. ఆ దగ్గు కొన్నాళ్ళుగా అతన్ని వదలడం లేదు.

రమణమ్మ ఆ దగ్గుని తలుపుకి చెవి ఆనించి విన్నట్టు వినేది. ఒక ఉదయం పెంచలయ్య దగ్గీ దగ్గీ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, దాన్ని గబుక్కున మడిచేశాడు. ఆ మడతలో ఎరుపు ఆవిడ కంట పడింది. చేతిలో గరిటెతోనే కొడుకు వైపు తిరిగింది.

"మీ నాయనకి జెప్పరా. ఈ దగ్గుతో నా ఇంట్లో ఉండబళ్ళేదని జెప్పు. మందూ మాకూ వద్దు, సరస్సు గాలే మందంటన్నాడు గదా, పొమ్మను. ఆ సరస్సులోనే పడి ఉండమను."

పాత చెంచు అయితే సైకిలు తాళాలు అందుకుంటూ, "నాయనా, చొక్కా ఏసుకో. అమ్మకి భయంగా ఉండాది, డాక్టరు కాడికి పోదాం" అని ఉండేవాడు. పెంచలయ్య అందుకు సిద్ధంగానే, కొంచెం ముద్దుగా ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

చెంచు రెండడుగులు వేశాడు.

"నాయనా, ఈ దగ్గుతో అమ్మ ఇంట్లో ఉండబళ్ళేదంట. సరస్సు కాడికే పొమ్మంటంది. ఆడనే పడి ఉండమంటంది."

పెంచలయ్య కొడుకు ముఖంలోకి చూశాడు. కనురెప్పలో, మూతి మూలలో, ఎక్కడైనా కాస్త కొంటెతనం దొరుకుతుందేమోనని వెతికాడు. ఇన్నేళ్ళలో రమణమ్మ అంతకన్నా పెద్ద తిట్లు ఎన్నో తిట్టింది. అవన్నీ గాలి. కొడుకు మోసుకొచ్చింది గాలి కాదు.

"మీ అమ్మకి జెప్పు" అన్నాడు మెల్లిగా. "పోతానని."

ఆ నేల మీద గడప దాటేవాడు పోతానని అనడు. పోయొస్తానంటాడు. పాలకేంద్రానికి పోయేవాడు కూడా పోయొస్తాననే అంటాడు. ఒట్టిగా పోతాననడం పాడె మీద మాట.

"పోతాడంటమా" అన్నాడు చెంచురామయ్య. షిఫ్టుకి టైమైందని క్యారియరు అందుకుని వెళ్ళిపోయాడు. వెనక గరిటె కిందపడ్డ చప్పుడు విన్నాడు. గరిటె కిందపడింది అనుకున్నాడు.

సాయంత్రానికి పెంచలయ్య లేడు. సరస్సు నడుమ దిబ్బ మీది పల్లెలో అతని పినతండ్రి కొడుకుల ఇళ్ళున్నాయి. అక్కడికి పడవెక్కాడని రేవులో చెప్పారు. రమణమ్మ మాట మోసుకుపోయే దారి తెగిపోయింది. రెండు కంచాలే పెట్టి, మూడోదాన్ని తుడిచి మళ్ళీ బోర్లించింది.

కొన్ని రోజులకి ప్రయోగశాలలో, పూసని పరీక్షిస్తూ కురహషి మామూలుగా అడిగింది. "ఇంట్లో అందరూ...?"

"నాన్న వెళ్ళిపోయాడు" అన్నాడు చెంచు జపాన్ భాషలో.

"ఏమని చెప్పి?"

అతను తండ్రి మాటని జపాన్‌లోకి మార్చాడు. అక్కడా మన పద్ధతే. ఇల్లు కదిలేవాళ్ళు ఇత్తెకిమస్ అంటారు, వెళ్ళొస్తానని. నాన్న అన్నది అది కాదు గనక, ఉన్నదున్నట్టు, ఒట్టి "వెళ్తాను" అని పెట్టాడు.

ఆ మాట తన నోటినుంచి తన చెవిలోకే పడింది. ఫుమి చెవిలోకి.

గడప దగ్గర ఒక ముసలివాడు, చేతిలో తువ్వాలు, తిరిగి వస్తానని అనకుండా చెప్పులు వేసుకుంటున్నాడు. ఇప్పుడు కనబడ్డాడు. చెంచురామయ్య తడబడుతూ తల్లి అన్న మాటల్ని కూడా ఒక్కొక్కటీ జపాన్‌లోకి తిప్పుకున్నాడు. ఈ దగ్గుతో, అని మొదలుపెట్టేసరికే ఆ చెవికి అంతా వినబడిపోయింది. అమ్మ భయం, తువ్వాలు మడతలో ఎరుపు, గరిటె చప్పుడు. సొంత తల్లిదండ్రుల మాట అతనికి సముద్రాల మీదుగా చుట్టు తిరిగి చేరింది. చొక్కా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, తనెప్పుడూ ఏడవని తీరులో, చప్పుడు లేకుండా ఏడ్చాడు.

కురహషి లేచి నిలబడింది. ఆ ఏడుపు ఆవిడ ఎరిగినదే, వాళ్ళమ్మది.

"ఒక తలలో రెండు పొయ్యిలు ఉండవని నాకు తెలియదు. అంటే..." అని ఆగిపోయింది.

ఆ మిగతాది అతనికి వినబడింది. ఆవిడకి అనుమానం ఉంది. ముందునుంచీ ఉంది. అయినా అమ్మ చెవి మళ్ళీ ఈ లోకంలో ఒకసారి వింటే చాలనుకుంది. చెంచురామయ్యకి కోపం రావాలి. వచ్చింది కూడా, సగందాకా. కానీ కూతురి తప్పు విన్న తల్లి చెవి అడ్డం పడింది. అతని ప్రమేయం లేకుండానే ఆ చెవి ఆవిడని మన్నించేసింది.

"తీసేస్తాను. తీస్తే మాత్రం..."

"పాతది తిరిగి రాదు" అని వాక్యాన్ని అతనే ముగించాడు. "మీ అమ్మ కూడా పోతుంది."

కురహషి తల వంచింది.

"ఉండనీండి" అన్నాడు చెంచు. "నేను మా నాన్న దగ్గరికి పోయి... పోయొస్తాను."

రమణమ్మ క్యారియరులో గంజి పోసుకుని పడవెక్కింది. ఇంజను పడవ నీళ్ళని చీల్చుకుంటూ పోతుంటే కొడుకు, తల్లి మోకాలి దగ్గర కూర్చుని అడిగాడు.

"మా, ఆ పొద్దు నువ్వు నాయన్ని డాక్టరు కాడికి పొమ్మన్నావా?"

"ఇంకేమంటానురా?"

అతను చెవి వెనక పూస చూపించి, తనకేమైందో చెప్పాడు. ఆవిడ దాన్ని వేలితో తడిమింది. "జపానోళ్ళకి చెవి అమ్మకొచ్చినావా నాయనా?" అంది. తిట్టిందో, జాలిపడిందో, నవ్విందో అతనికి తెలియలేదు. మనసులో జపాన్‌లోకి తిప్పి చూసుకున్నాడు. చెవి అమ్మిన లావాదేవీ తప్ప ఏమీ మిగల్లేదు. కొన్ని మాటలు ఆ దారిన చేరవు.

"ఇంకమీదట నాతో నేరుగా చెప్పుమా. తిప్పి తిప్పి అనబాక."

"నేరుగా మాట్లాడేది నాకేడొచ్చు అబ్బయా" అంది రమణమ్మ, నీళ్ళు చూస్తూ. దూరాన గులాబీ రంగు కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి.

దిబ్బ మీద తాటాకుల ఇంట్లో పెంచలయ్య నులకమంచం మీద ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. పడవలో ఆస్పత్రికి పోదామంటే తల అడ్డంగా ఊపాడు. అప్పటికే రెండుసార్లు మోసుకుపోబోతే వద్దన్నాడని అన్నదమ్ములు చెప్పారు. గొంతు మాత్రం ఇంకా పాతదే.

"ఏరా దుభాషీ. మీ అమ్మ కూడా వచ్చినట్టుండాది. సరస్సు బాగుందో లేదో చూసేదానికా?"

రమణమ్మ మంచం కాళ్ళ దగ్గర నిలబడింది. గంజి గిన్నె మూత తీసింది. "మీ నాయనకి జెప్పు" అంది. గిన్నె మంచం పక్కన పెట్టింది. "జెప్పు, ఇంత దూరం ఈ గంజి మోసుకొచ్చింది కొంగలకి పొయ్యడానికి కాదని."

పెంచలయ్య కొడుకు వైపు తిరిగాడు. చూపులో ఎదురుచూపు. "ఏమంటంది రా?"

చెంచురామయ్య ఇద్దరి మధ్యా నిలబడ్డాడు, చిన్నప్పటినుంచీ నిలబడ్డ చోటే. కొంగలు. గంజి. అతనికి మాటలు మాటల్లాగే వినబడ్డాయి, లోపల ఎవరూ లేని ఇళ్ళలాగా. ఉన్నదున్నట్టు చెబితే ఏమవుతుందో ఒకసారి చూశాడు. మనసులో జపాన్‌లోకి తిప్పుకుందామంటే మంచం మీద ఊపిరి అంత సేపు ఆగేలా లేదు.

అప్పుడు అతను, వినడం మరిచిపోయినవాడు, తండ్రి దగ్గర నేర్చుకున్న విద్యకి దిగాడు. అబద్ధమాడాడు.

"నాయనా, ఆ చేప ఉండింది నిజమేనంటంది అమ్మ. పడవకన్నా పొడుగు చేప. తను కూడా చూసిందంట."

పెంచలయ్య కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత రొమ్ములోంచి గరగరమని నవ్వొచ్చింది. నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వాడు.

"పోరా అబద్ధాలకోరా. మీ అమ్మ చచ్చినా అట్టా అనదు."

"అన్నానయ్యా" అంది రమణమ్మ.

అని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు కొడుకు తల మీద ఉన్నాయి. తల పగల్లేదు. కప్పు కూలలేదు. ఆవిడ చేతులు దించింది. మొగుడి ముఖంలోకి సూటిగా చూస్తూ, "అన్నాను. చూసినాను" అంది.

పెంచలయ్య చాలాసేపు ఆవిడనే చూశాడు. కొడుకు వైపు తిరగలేదు. ఇంక తిరగవలసిన పని లేదు. ఎండిన పెదవుల మీద పాత కొంటెతనం పాకింది.

"ఎంత పొడుగుండాదమ్మే?"

రమణమ్మ రెండు చేతులూ బార చాపింది.

"ఇంకా" అన్నాడు.

ఆవిడ చేతులు చాపుకునే వెనక్కి నడిచింది, గుంజ దాకా.

"ఇంకా ఉండింది గదా. గుర్తు తెచ్చుకో."

గడప దాకా నడిచింది. "ఇంతనా?"

"ఇంకా..."

ఆవిడ గడప దాటింది. తెల్లటి ఎండలో, ఇసక మీద, చేతులు బారచాపిన ముసలమ్మ నీళ్ళ వైపు నడుస్తూ పోయింది. వల బాగుచేసుకుంటున్న ఆడవాళ్ళు పని ఆపి చూశారు. పడవల దాకా పోయింది. పడవలు దాటింది. నీటి అంచున ఆగి, వెనక్కి తిరక్కుండానే గొంతెత్తి అరిచింది.

"చాలా?"

లోపల్నుంచి జవాబు రాలేదు.

చెంచురామయ్య వంగి చూశాడు. తండ్రి కళ్ళు గుమ్మం వైపే తెరుచుకుని ఉన్నాయి, ఆ చేప పొడుగుని కొలుస్తున్నట్టు. రొమ్ము కదలడం లేదు. అతను చేత్తో ఆ కళ్ళు మూశాడు. లేచి గడపలోకి వచ్చాడు.

"ఏమంటన్నాడు రా?" అని అరిచింది రమణమ్మ.

ఇన్నేళ్ళుగా ఈ ఇద్దరి మధ్యా మోసిన మాటలన్నింటిలో ఇదొక్కటే వెనక మనిషి లేని మాట.

"చాలంటమా" అన్నాడు. "ఇంక రమ్మంటన్నాడు."

తన గొంతులో ఏముందో అతనికి వినబడలేదు. ఆవిడకి వినబడింది. చాపిన చేతులు అలాగే ఉన్నాయి, భుజాలు మాత్రం కుంగిపోయాయి. కాసేపు నీళ్ళ వైపే నిలబడి, తర్వాత ఇసకలో ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చింది. గడప దగ్గర ఆగి, లోపలికి పోకముందు కొడుకు తల మీద చెయ్యి పెట్టింది. నుదురు తడిమింది, నడినెత్తి తడిమింది, చెవి వెనక పూస దాకా తడిమింది.

"తల బాగుండాదా నాయనా?"

"బాగుంది మా."

"సరే అయితే" అంది రమణమ్మ. లోపలికి పోయి మంచం పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళు దాచుకున్న మాటలన్నీ ఆయనతో నేరుగా చెప్పుకోవడం మొదలుపెట్టింది.

చెంచురామయ్య గడపలో నిలబడి వింటూనే ఉన్నాడు. ప్రతి మాటా శుభ్రంగా వినబడింది.